గేమింగ్ పీసీకి పార్టులు ఎంచుకోవడం ఎలా? కొటేషన్ చీటీ దగ్గర మొదలుపెడదాం

"అన్నా, అరవై వేలల్ల గేమింగ్ పీసీ అయితదా?"

ఎంసెట్ ర్యాంకులు వచ్చి కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో ఈ ప్రశ్న నాకు వారానికి రెండుసార్లైనా వస్తుంది. పరీక్ష పేరు మారినా మా దగ్గర అందరి నోటా ఇంకా ఎంసెట్టే. ప్రశ్న వెనకాలే ఫోన్‌కు ఒక ఫోటో కూడా వస్తుంది. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఏదో షాపులో రాయించుకున్న చీటీ అది. దాని మీద ఎప్పుడు చూసినా ఇంచుమించు ఇవే ఆరు వరుసలు: ఐ5, 16 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్, 500 వాట్ ఎస్‌ఎమ్‌పీఎస్, ఆర్‌జీబీ క్యాబినెట్. కింద గీత గీసి మొత్తం. వరుసగా ఇవి ప్రాసెసర్, ర్యామ్, ఫైళ్లు దాచే డిస్కు, తెరకు బొమ్మ తయారుచేసే కార్డు, అన్నిటికీ కరెంటు అందించే డబ్బా, రంగు లైట్ల పెట్టె.

ఆ చీటీలో ఒక్క వస్తువు పేరు కూడా లేదు. ఐ5 అంటే 2012లో వచ్చిన ఐ5-3470 కావచ్చు, 2022లో వచ్చిన ఐ5-12400ఎఫ్ కూడా కావచ్చు. రెండింటి మీదా ఐ5 అనే ఉంటుంది, మధ్యలో పదేళ్ల తేడా. "4 జీబీ గ్రాఫిక్స్" అంటే 2014 నాటి జీటీ 730 కావచ్చు. అది మానిటర్‌కు బొమ్మ పంపడానికి సరిపోతుంది గానీ ఇప్పటి గేములు దాని మీద నడవవు. పద్దెనిమిది, ఇరవై వేలకు "గేమింగ్ పీసీ" అని అమ్మేవాటిలో నేను విప్పి చూసిన చాలావాటిలో ఉన్నది ఇదే జంట: హెచ్61 అనే పాత మదర్‌బోర్డు మీద పాత ఐ5, పక్కన జీటీ 730. అద్దం లోపల నాలుగు రంగుల ఫ్యాన్లు తిరుగుతుంటే ఎవరికైనా కొత్తదే అనిపిస్తుంది.

అందుకే ఏ భాగం ఎంచుకున్నా దాని పూర్తి మోడల్ పేరు చీటీ మీద ఉండేలా చూసుకోండి. పేరు రాయనన్న షాపులో కొనొద్దు. కింద చెప్పేదంతా ఆ పేర్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా చదవాలి అనేదే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక తెల్ల కాగితం. ఒక్కో భాగానికి ఒక్కో వరుస.
- మీరు నిజంగా ఆడబోయే నాలుగైదు గేముల పేర్లు. "అన్నీ ఆడతా" అంటే లెక్క తేలదు.
- బడ్జెట్. అందులో మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్ కలిసి ఉన్నాయా లేదా అన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి. సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. కొడుకు డబ్బా మాత్రమే అనుకుంటాడు, బాపు అన్నీ కలిపి అనుకుంటాడు.
- 8 జీబీ పెన్‌డ్రైవ్, మంచి స్టార్ స్క్రూడ్రైవర్, ఎలక్ట్రీషియన్ వాడే టెస్టర్.

1. ముందు గేము, తర్వాత మానిటర్, ఆ తర్వాతే మిగతావి

వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఆడేవాళ్లకు ప్రాసెసర్ గట్టిగా ఉండాలి. మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు సరిపోతుంది. సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్ లాంటివైతే బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది.

మానిటర్ సంగతి కూడా ఇప్పుడే తేలాలి. 1920 బై 1080 తెర, 144 లేదా 165 హెర్ట్జ్ (తెర మీద బొమ్మ సెకనుకు అన్నిసార్లు మారుతుంది) ఉంటే ఈ బడ్జెట్లకు చక్కగా సరిపోతుంది. 60 హెర్ట్జ్ పాత మానిటర్ పెట్టుకుని ఖరీదైన కార్డు కొంటే, ఆ కార్డు తీసే అదనపు ఫ్రేములు మీ కంటిదాకా రానే రావు. ఇంకా ఎక్కువ చుక్కలుండే 1440 తెరకు పోతే గ్రాఫిక్స్ కార్డు కూడా ఒక మెట్టు పైకి పోవాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

2. గ్రాఫిక్స్ కార్డు

మానిటర్ పక్కన పెడితే, మొత్తం ఖర్చులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా దీనికే పోనివ్వండి. నా లెక్కలో 1080 గేమింగ్‌కు మెట్లు ఇవి:

- కింది మెట్టు: ఆర్‌ఎక్స్ 6600, లేదా ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీ. ధర దగ్గర దగ్గరగా ఉంటే ఆర్‌ఎక్స్ 6600 తీసుకోండి, గేముల్లో అదే వేగం.
- మధ్య మెట్టు: ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 5060. మూడూ 8 జీబీ కార్డులే.
- పై మెట్టు: ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ.

ఇక్కడ పేరు చివరిదాకా చదవాలి. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది, 6 జీబీది రెండూ అమ్ముతారు. 6 జీబీదానిలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, లెక్కలు చేసే కోర్లు కూడా తక్కువ. దానికీ ఒక సుగుణం ఉంది. 70 వాట్లే తాగుతుంది, వేరే పవర్ వైరు అడగదు. కాబట్టి ఆఫీసు నుంచి తీసేసిన పాత డబ్బాలో పెట్టుకోవడానికి బాగుంటుంది. కొత్తగా కట్టే పీసీకి మాత్రం వద్దు. 9060 ఎక్స్‌టీ, 5060 టీఐలు కూడా 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలుగా దొరుకుతాయి. "9060 ఎక్స్‌టీ" అని మాత్రమే రాసిన చీటీకి మీ చేతికొచ్చేది ఏదో చెప్పలేం.

జీబీలు చూసి మోసపోవద్దు. మెమరీ ఎక్కువున్నంత మాత్రాన కార్డు వేగం పెరగదు. జీటీ 1030లో జీడీడీఆర్5 మెమరీది ఒకటి, డీడీఆర్4 మెమరీది ఒకటి ఉన్నాయి. పేరు ఒకటే, డీడీఆర్4ది చాలా నెమ్మది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనాలనుకుంటే కొనండి. అయితే అమ్మేవాళ్ల ఎదుటే పీసీలో పెట్టి పావుగంట గేము ఆడించి చూడాలి, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పేరు సరిచూడాలి. దొంగ బయోస్ (లోపలి మూల ప్రోగ్రామ్) ఎక్కించిన కార్డును గుర్తుపడితే అది పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 పేరుతో అమ్మేవాటిలో 2048 ఎస్‌పీ రకం చాలా తిరుగుతోంది. అది అసలు 580 కన్నా తక్కువది.

డబ్బు ఇప్పుడు చాలకపోతే ఒక దారి ఉంది. రైజెన్ 5 5600జీ, లేదా 8600జీ తీసుకుంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. వాలరంట్ ఆడుకుంటూ ఆరు నెలలు గడిపి, తర్వాత కార్డు కొనొచ్చు. ఆ కార్డుకు సరిపోయే ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం మొదటి రోజే కొనిపెట్టుకోవాలి.

3. ప్రాసెసర్, బోర్డు: ఈ రెండూ ఒకే నిర్ణయం

ప్రాసెసర్ కూర్చునే సాకెట్టును బట్టి బోర్డు, బోర్డును బట్టి ర్యామ్. ఈ వరుస తప్పితే పార్టులు ఒకదానికొకటి కుదరవు.

తక్కువ ఖర్చుకు: ఏఎమ్4 సాకెట్టులో రైజెన్ 5 5600, దానికి బీ550 బోర్డు, డీడీఆర్4 ర్యామ్. లేదా ఎల్‌జీఏ1700 సాకెట్టులో ఐ5-12400ఎఫ్, దానికి బీ660 లేదా బీ760 బోర్డు. రెండు ప్రాసెసర్లలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). గేముల్లో పెద్ద తేడా ఏమీ కనిపించదు. ఏది చవగ్గా దొరికితే అది తీసుకోండి.

కొంచెం పైకి పోగలిగితే: ఏఎమ్5 సాకెట్టులో రైజెన్ 5 7600, బీ650 బోర్డు, డీడీఆర్5 ర్యామ్. ఏఎమ్4కు కొత్త తరం ప్రాసెసర్లు ఇక రావు. ఏఎమ్5కు 2027 దాకా, ఆ తర్వాతా మద్దతు ఉంటుందని రైజెన్ తయారుచేసే ఏఎమ్‌డీ ప్రకటించింది. మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవాళ్లకు ఇదే మంచిది.

మోడల్ చివరి అక్షరాలు ఇలా చదవండి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు, కార్డు లేకుండా తెర వెలగదు. రైజెన్ 5 5600లో కూడా లోపల గ్రాఫిక్స్ లేదు, అక్షరం లేదు కదా అని పొరబడొద్దు. రైజెన్ 5 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, 7500ఎఫ్‌లో ఉండదు. కె, ఎక్స్ ఉన్నవాటిలో చాలావాటికి డబ్బాలో కూలర్ రాదు. 5600, 7600, 12400ఎఫ్ డబ్బాల్లో వస్తుంది, అది సరిపోతుంది. డబ్బా లేకుండా ఒట్టి చిప్పు ఇస్తామంటే వద్దనండి. కూలర్ ఉండదు, వారంటీ ఎవరిదో తేలదు.

ఇంటెల్ 13, 14 తరాల్లో పెద్ద ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ వల్ల పాడైన సంగతి మీరు వినే ఉంటారు. 2024లో ఇంటెల్ దానికి సవరణ విడుదల చేసింది. వాటిలో ఏదైనా కొంటే మొదటి రోజే బోర్డు బయోస్ అప్‌డేట్ చేసుకోండి. 12400ఎఫ్‌కు ఆ బాధ లేదు.

బోర్డులో డబ్బు మిగల్చాలని ఏ520, హెచ్610 దాకా దిగేవాళ్లున్నారు. పనిచేస్తాయి, కాదనను. కానీ ఏ520లో కార్డుకూ బోర్డుకూ మధ్య ఉండే పీసీఐఈ దారి పాత 3.0 రకమే. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు ఆ దారిలో 8 లేన్లే వాడతాయి కాబట్టి అక్కడ కొంత వేగం పోతుంది. మరో చిక్కు పాత స్టాకు. బీ450 బోర్డు చాలాకాలం షాపులో ఉండిపోయి ఉంటే, బయోస్ అప్‌డేట్ చేయకుండా 5600ను గుర్తుపట్టదు. ఇంటికి తెచ్చి బిగిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది, మీకు టెన్షన్. షాపులోనే అప్‌డేట్ చేయించి, తెర వెలిగించి చూపించమనండి.

4. ర్యామ్: ఒకటి కాదు, రెండు

16 జీబీ కావాలంటే 8 జీబీవి రెండు తీసుకోండి. ఒక్క 16 జీబీ కర్ర పెడితే మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది, గేముల్లో కుదుపులు కనిపిస్తాయి. "తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చు తమ్మీ" అని షాపువాళ్లు నచ్చజెబుతారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. వచ్చినా అదే మోడల్ దొరకదు.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి పోయినేడు ఎవరో చెప్పిన ధర పట్టుకుని బేరమాడకండి, కొనే వారంలో చూసుకోండి. డీడీఆర్4లో 3200, డీడీఆర్5లో 5600 లేదా 6000 వేగం చాలు. డీడీఆర్4 కర్ర డీడీఆర్5 స్లాటులో కూర్చోదు, గాటు వేరే చోట ఉంటుంది. ఇంటెల్ బీ660, బీ760 బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి. బోర్డు పేరు చివర డీ4 లేదా డీడీఆర్4 అని ఉందో లేదో చూడండి.

5. ఎస్‌ఎస్‌డీ

ఎన్‌వీఎమ్‌ఈ అనే వేగమైన రకం, 1 టీబీ. బల్దుర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ ఖాళీ అడుగుతుంది. 512లో విండోస్ పోగా మూడు పెద్ద గేములకు నిండిపోతుంది. ఎమ్.2 అని రాసినంత మాత్రాన ఎన్‌వీఎమ్‌ఈ కాదు. అదే ఆకారంలో సాటా రకం కూడా ఉంది, దాని వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. చీటీలో ఎన్‌వీఎమ్‌ఈ అన్న మాట ఉండాలి.

6. ఎస్‌ఎమ్‌పీఎస్: ఇక్కడ కక్కుర్తి పడకండి

ఇది నా సొంత అనుభవం. నా మొదటి పీసీకి క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన "500 వాట్" ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టించుకున్నాను. షాపాయన చేతిలో పెట్టి "గిది నడుస్తది, ఏం కాదు" అన్నాడు. ఎనిమిది నెలలు నడిచింది. ఒకరోజు రాత్రి కరెంటు పోయి వచ్చింది. వచ్చీ రాగానే టప్ అని ఒక చప్పుడు, కాలిన చేపల వాసన. ఎస్‌ఎమ్‌పీఎస్ పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోయింది. అప్పుడు దాన్ని తీసి పక్కనున్న స్టిక్కర్ మొదటిసారి చదివాను. మీరు కొనేముందే చదవండి.

ఆ స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో +12 వోల్టుల గడి వెతకండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ లైను మీదే బతుకుతాయి. దాని కింద ఆంపియర్లు ఉంటాయి. నాదానిలో 16 ఆంపియర్లు అని ఉంది. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 500, పనికొచ్చేది 192! నిఖార్సైన 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఈ గడిలో 40కి పైగా ఆంపియర్లు ఉంటాయి.

ఇంకా చూడాల్సినవి: 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పేది), కనీసం మూడేళ్ల, వీలైతే ఐదేళ్ల వారంటీ, గ్రాఫిక్స్ కార్డుకు 6+2 పిన్నుల వైరు. ఆర్‌ఎక్స్ 6600కు 450 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060, 4060, 5060లకు 550 వాట్లు ఉండాలని తయారీదార్లే చెబుతారు. రేపు కార్డు మారుస్తామనుకుంటే 650 తీసుకోండి. 850, 1000 వాట్లు ఈ పీసీలకు దండగ.

కరెంటు సంగతి కూడా ఇక్కడే. క్యాబినెట్ రేకును వట్టి కాళ్లతో నిలబడి ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? అది పీసీ తప్పు కాకపోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు ద్వారా భూమిలోకి పోవాలి. మీ గోడ సాకెట్టులో మూడో రంధ్రం వెనక వైరే లేకపోతే అది రేకు మీదే నిలుస్తుంది. పాత ఇళ్లల్లో ఇది సర్వసాధారణం. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ వేయించండి, ఆ ఖర్చు కూడా పీసీ బడ్జెట్‌లో రాసుకోండి. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టే పని మాత్రం ఎన్నడూ చేయొద్దు. వోల్టేజీ తరచూ ఎగుడుదిగుడు అవుతుంటే 1912కు ఫోన్ చేసి కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు ఫిర్యాదు రాయించండి.

యూపీఎస్ కొంటే వీఏను వాట్లు అనుకోవద్దు. మామూలు 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. 5600తో 4060 పెట్టిన పీసీ గేములో 250 వాట్ల దాకా లాగొచ్చు, పైన మానిటర్. అంచుల మీద నడుస్తుంది. 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చు ఉందేమో చూడండి. అది వేస్తే కరెంటు పోయినప్పుడు మారే సమయం తగ్గుతుంది, పీసీ రీస్టార్ట్ కాకుండా నిలబడే అవకాశం ఎక్కువ.

7. క్యాబినెట్: అద్దం కాదు, జాలీ

మే నెలలో వరంగల్‌లో 44 డిగ్రీలు కొత్తేమీ కాదు, రామగుండం వైపు ఇంకా మంట. ముందు భాగం మూసిన గాజుతో ఉన్న క్యాబినెట్ షోరూములో ఏసీ కింద బాగుంటుంది. ఇంట్లో అది పొయ్యి. ముందు జాలీ, గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి తోసేది ఒకటి ఉంటే చాలు. లిక్విడ్ కూలర్ ఈ ప్రాసెసర్లకు అక్కర్లేదు.

గోదావరిఖని, భూపాలపల్లి, మంచిర్యాల వైపు ఉండేవాళ్లు జాలీ వెనక తీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్ ఉన్నదే కొనండి. బొగ్గు దుమ్ము చాలా సన్నం, ఫ్యాను రెక్కల మీద నల్లగా పేరుకుంటుంది. నెలకోసారి ఫిల్టర్ కడిగి ఆరబెట్టి పెట్టాలి.

కొలతలు రెండు రాసుకోండి: గ్రాఫిక్స్ కార్డు పొడవు, క్యాబినెట్ అనుమతించే పొడవు. రెండూ మిల్లీమీటర్లలో వాళ్ల వాళ్ల పేజీల్లో ఉంటాయి. మా అక్క కొడుకు ఇది చూడకుండా మూడు ఫ్యాన్ల కార్డు తెచ్చుకుని రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "మామా, కార్డు డబ్బాల పడ్తలేదు, రేకు కోయాల్నా?" రేకు కోయలేదు. పొద్దున్నే క్యాబినెట్ మార్పించుకొచ్చాం, ఆటో ఖర్చు అదనం.

8. ఎక్కడ కొనాలి

మూడు దారులు. ఇక్కడి షాపులు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఆన్‌లైన్. సీటీసీ అంటే పార్క్‌లేన్‌లో ఎవరైనా చూపిస్తారు. కాజీపేటలో పొద్దున బండెక్కితే మధ్యాహ్నం లోపు నాలుగు షాపుల్లో ధర అడగొచ్చు. నా పద్ధతి చెబుతాను. పూర్తి పేర్లున్న కాగితం ముందు హన్మకొండలో చూపిస్తా. మొత్తం మీద రెండు వేల తేడా అయితే ఇక్కడే కొంటా. రేపు ఏదైనా పోతే ఈ షాపుకు బండి మీద పది నిమిషాల్లో పోవచ్చు. తేడా ఐదారు వేలు దాటితేనే రైలు.

బేరంలో ఒక మాట జాగ్రత్త: "అదే రేంజ్‌ది". బోర్డు స్టాకు లేదు, అదే రేంజ్‌ది వేస్తాం అంటారు. ఏ కంపెనీదైనా ఫరవాలేదు కానీ చిప్‌సెట్ (బీ550 లాంటి పేరు), ర్యామ్ రకం మారకూడదు. మారిన పేరు కాగితం మీద రాయించి, పక్కకు వచ్చి ఫోన్‌లో చూసుకుని అప్పుడు ఊ అనండి.

జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం వేరే వరుసలో, సీరియల్ నంబరుతో ఉండాలి. "కంప్యూటర్ సెట్ 1" అని ఒకే వరుసలో రాసిన బిల్లు వారంటీ కౌంటర్ దగ్గర తలనొప్పి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పార్సిల్ మీది చిరునామా కాగితం కనిపించేలా మొదలుపెట్టి, ఆపకుండా డబ్బా తెరిచే వీడియో తీయండి.

9. డబ్బు కట్టే ముందు కాగితం ఇలా ఉందా?

ఒక నమూనా:

- ప్రాసెసర్: రైజెన్ 5 5600, డబ్బాతో
- బోర్డు: బీ550ఎమ్, ఏఎమ్4, డీడీఆర్4 (కంపెనీ, పూర్తి మోడల్)
- ర్యామ్: 8 జీబీ డీడీఆర్4 3200, రెండు
- గ్రాఫిక్స్: ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ లేదా ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ
- ఎస్‌ఎస్‌డీ: 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ
- ఎస్‌ఎమ్‌పీఎస్: 550 వాట్, 80 ప్లస్ బ్రాంజ్
- క్యాబినెట్: ముందు జాలీ, మూడు ఫ్యాన్లు

పై మెట్టుకు: రైజెన్ 5 7600, బీ650ఎమ్, 16 జీబీ డీడీఆర్5 6000 రెండు, 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 650 వాట్.

పైనుంచి కిందికి ఒకసారి చదవండి: సాకెట్టు కలిసిందా, ర్యామ్ రకం కలిసిందా, కార్డు పొడవు పట్టిందా, దానికి వైరు ఉందా. నాలుగూ అయితే డబ్బు కట్టొచ్చు.

10. ఇంటికొచ్చాక సరిచూడటం

మానిటర్ వైరును గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. వెనక పైభాగంలో బోర్డుది కనిపిస్తుంది, చాలామంది దానికి పెట్టేస్తారు. "కార్డు పనిచేస్తలేదు" అని నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే.

డీడీఆర్5 పీసీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. ర్యామ్‌ను అది సరిచూసుకుంటుంది. కంగారుపడి స్విచ్చు కట్టేయకండి, ఒక చాయ్ తాగి రండి.

బయోస్‌లోకి పోయి ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయండి. చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ కర్రలు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. టీపీఎమ్, సెక్యూర్ బూట్ అనే రక్షణ సెట్టింగులు కూడా అప్పుడే ఆన్ చేయండి. విండోస్ 11లో అవి లేకుండా వాలరంట్ తెరుచుకోదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, కాబట్టి పెన్‌డ్రైవ్‌లో 11 పెట్టుకోండి.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫామెన్స్ పేజీలో కాగితంతో పోల్చండి. ప్రాసెసర్ పేరు, ర్యామ్ వేగం, ఎన్ని స్లాట్లు నిండాయి, కార్డు పేరు, దాని మెమరీ అన్నీ అక్కడే ఉంటాయి. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్‌లలో అడ్వాన్స్‌డ్ దగ్గర 144 లేదా 165 హెర్ట్జ్ ఎంచుకోండి. విండోస్ చాలాసార్లు 60తోనే మొదలుపెడుతుంది. రెండేళ్లు 144 మానిటర్‌ను 60లో ఆడినవాణ్ణి నేను చూశాను.

చివరగా వేడి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి పెట్టి, మధ్యాహ్నం రెండింటికి, ఏసీ లేకుండా, బరువైన గేము అరగంట ఆడండి. గ్రాఫిక్స్ కార్డు 80 లోపు, ప్రాసెసర్ 85 లోపు ఉంటే బాగున్నట్టే. దాటితే ముందు క్యాబినెట్‌ను గోడ నుంచి జానెడు దూరం జరిపి, ఫ్యాన్లు తిరిగే దిశ చూడండి. తిరగేసి బిగించిన ఫ్యాన్లు నాకు కనీసం నాలుగు తగిలాయి. అప్పటికీ తగ్గకపోతే కూలర్ సరిగా కూర్చుందో లేదో, దాని అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి.

అంతా సరిగ్గా ఉంటే బిల్లు ఫోటో తీసి మీకు మీరే మెయిల్ పంపుకోండి. బిల్లు కాగితం మీది అక్షరాలు ఏడాదికి మాసిపోతాయి. డబ్బాలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి సజ్జ మీద దాచండి. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు వాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేయొద్దని అమ్మకు ఇప్పుడే చెప్పి పెట్టండి.